చక్రాల పీట గురించి మేనల్లుడికి

చిరంజీవి అల్లుడికి, మావయ్య ఆశీస్సులు.

షెడ్డులో రోజంతా గొంతుక్కూర్చుని బైకులు విప్పుతుంటే మోకాళ్లు పట్టేస్తున్నాయని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. చక్రాల పీట ఒకటి చేసుకోరా. గాజువాక ఆటోనగర్ పక్కనే ఉండి కొత్తది కొనడం ఎందుకు? పాత ఇనుము కొట్లో సగం సామాను దొరుకుతుంది.

చక్రాలు మాత్రం కొత్తవే కొను. చిన్న చక్రమైతే గచ్చు పగుల్లోనో, కిందపడ్డ నట్టు మీదో టక్కున ఆగుతుంది. అది ఆగినా నువ్వు ఆగవు, ముందుకి బోర్లా పడతావు. 3 అంగుళాలవి తీసుకో, నాలుగూ ఎటు కావాలంటే అటు తిరిగేవే ఉండాలి. రబ్బరువి వద్దు, ఇంజనాయిల్‌కి ఉబ్బిపోతాయి. నైలానువి గోల చేస్తాయి గానీ నూనెకి చెడవు. డబ్బులుంటే పీయూ (పాలీయురెథేన్ అనే ప్లాస్టిక్) చక్రాలు తీసుకో, గోల కూడా ఉండదు.

విరిగిన ఆఫీసు కుర్చీ చవగ్గా ఇస్తామంటారు. దాని ఐదు కాళ్ల చట్రం మంచిదే, పక్కకి ఒరగదు. కానీ మధ్యలో ఉండే గ్యాస్ గొట్టాన్ని గ్రైండర్‌తో కోయడం, డ్రిల్లు పెట్టడం, వెల్డింగ్ చేయడం చేశావంటే నా మీద ఒట్టే. అందులో నైట్రోజన్ ఒత్తిడి మీద ఉంటుంది, పేలుతుంది. ఆ గొట్టంతో వచ్చే తలనొప్పి కంటే సొంతంగా చట్రం కట్టుకోవడమే నాకు నచ్చుతుంది.

అంగుళం చదరపు పైపుతో 16 అంగుళాల చట్రం చెయ్యి. ఎదురెదురు మూలలకి అడ్డంగా టేపు పెట్టి రెండు కొలతలూ ఒకటేనా చూసుకో. ముందు నాలుగు మూలలా టాకా (చిన్న చుక్క వెల్డింగు) వేసి, తర్వాతే పూర్తిగా అతుకు. ఒక మూల మొత్తం ఒకేసారి కాలిస్తే వేడికి చట్రం లాగేసి, ఒక చక్రం గాల్లో ఉంటుంది. జింకు పూత ఉన్న జీఐ పైపైతే అతికే చోట ఆ పూత గీకెయ్యి. పూత కాలితే వచ్చే తెల్ల పొగ పీలిస్తే రాత్రికి చలిజ్వరం వస్తుంది.

కూర్చునే చెక్క 12 అంగుళాలు చాలు. చక్రాల కంటే బయటికి రాకూడదు, వస్తే అంచు మీద కూర్చోగానే తిరగబడుతుంది. 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్ మీద పాత బైకు సీటు స్పాంజి, పైన రెగ్జిన్. నేల నుంచి ఎత్తు 13, 14 అంగుళాలు. కింద రేకు ట్రే ఒకటి బిగించు, నట్లు పారిపోవు.

మనది సముద్రపు గాలి. పైపు కొసలు రేకుతో మూసెయ్యి, లేకపోతే లోపల్నుంచే తుప్పు తినేస్తుంది. తుప్పు ఆపే రెడాక్సైడ్ రెండు పూతలు వేసి, ఆరాకే పెయింట్ వెయ్యి.

నా గ్రైండర్ ఆదివారం వచ్చి పట్టుకెళ్లు. కళ్లద్దాలు పెట్టుకోకుండా ఆన్ చేస్తావని తెలుసు, అందుకే రెండూ ఒకే సంచిలో పెట్టి ఉంచుతాను.

మీ మావయ్య