మనుషుల్ని పెంచుకోవాలంటే పది దగ్గర భయం ఎందుకు?

ప్రశ్న: మాది గుంటూరు జిల్లా. సొంత మిర్చికి తోడు ఊళ్లో రైతుల దగ్గర కాయలు కొని, కారం పట్టి ప్యాకెట్లు అమ్ముతున్నాం. తొడాలు తీయడానికి, ప్యాకింగ్‌కి ఎనిమిది మంది ఆడవాళ్లు వస్తారు. ఆవకాయ రోజుల్లో ఆర్డర్లు ఎక్కువై పొద్దున 8 నుంచి రాత్రి 8 దాకా పని నడుస్తోంది. ఇంకో ముగ్గురిని పెట్టుకుందామంటే, పది మంది అయితే ఈఎస్‌ఐ (పనివాళ్ల ప్రభుత్వ బీమా) గొడవ మొదలవుతుందని, కొత్తవాళ్లను కూలీలను తెచ్చే మేస్త్రి మనుషులుగా చూపించమని తెలిసినవాళ్లు అంటున్నారు. ఏం చేయాలి?

జవాబు: ముందు మీ హాజరు పుస్తకం తీయండి. అందులో పేరుకు ఎదురుగా ఒక టిక్కు మాత్రమే ఉండి ఉంటుంది, చాలా మిల్లుల్లో అంతే. రేపటి నుంచి ఎన్ని గంటలకు వచ్చారు, ఎన్నింటికి వెళ్లారు అనేది కూడా రాయించండి. మనుషుల్ని ఎప్పుడు పెంచుకోవాలో మీకు చెప్పేది ఆ గంటలే.

మధ్యాహ్నం భోజనానికి గంట తీసేసినా మీవాళ్లు రోజుకు 11 గంటలు చేస్తున్నారు. 8 గంటల పని దాటాక చేసే ప్రతి గంటకూ మామూలు కూలికి రెట్టింపు ఇవ్వాలి. ఇది పది మంది ఉన్నచోటే కాదు, ఒక్కరున్నా వర్తిస్తుంది. లెక్క కోసం కూలి రోజుకు 480 రూపాయలు అనుకుందాం. గంటకు 60, ఓవర్‌టైమ్‌కి 120. ఎనిమిది మందికి మూడేసి గంటలంటే 24 గంటలు, రోజుకు 2,880 రూపాయలు. అదే 24 గంటల పని ముగ్గురు కొత్తవాళ్లు పగటిపూట 1,440కి చేస్తారు. ఒకటి రెండు రోజుల హడావుడికి ఓవర్‌టైమ్ సరే. వారాల తరబడి ఇలాగే నడుస్తుంటే మనుషుల్ని తీసుకోవాల్సిన సమయం వచ్చేసినట్టే. ఓవర్‌టైమ్ అసలు ఇవ్వడం లేదంటే మాత్రం అది మీకు మిగులు కాదు, ఆ ఆడవాళ్లకు మీరున్న బాకీ.

ఇక ఈఎస్‌ఐ. పదకొండు మంది అయితే కట్టాల్సిందే. యజమాని వాటా కూలిలో 3.25 శాతం. పదకొండు మంది రోజు కూలి 5,280 మీద అది దాదాపు 172 రూపాయలు. పనివాళ్ల వాటా 0.75 శాతం, అంటే మనిషికి రోజుకు 3 రూపాయల 60 పైసలు. ఈ 172 తప్పించుకోవడానికి 1,440 ఎక్కువ ఖర్చు పెట్టడంలో అర్థం ఉందా?

డబ్బు సంగతి అలా ఉంచితే, నాకు టెన్షన్ పుట్టించేది మీ గ్రైండర్. రాత్రి ఏడున్నరకు, పదకొండో గంట పనిలో, కారం ఘాటుకు కళ్లు మండుతూ ఉన్న మనిషి చెయ్యి దాని దగ్గర ఉంటుంది. ఈఎస్‌ఐ లేనిచోట ప్రమాదం జరిగితే నష్టపరిహారం మీ జేబులోంచే పోతుంది. ఈఎస్‌ఐ ఉంటే వైద్యం, వైకల్యానికి డబ్బు ఈఎస్‌ఐ కార్పొరేషనే చూస్తుంది. అర్హత ఉన్నవాళ్లకు ప్రసూతికి 26 వారాల భృతి కూడా వస్తుంది. నెలకు 21,000 లోపు జీతం ఉన్నవాళ్లంతా దీని కిందికి వస్తారు.

మేస్త్రి పేరుతో చూపించమన్న సలహా మాత్రం వినకండి. మీ షెడ్డులో, మీ పని కోసం మేస్త్రి ద్వారా వచ్చినవాళ్లూ మీ లెక్కలోకే వస్తారు. తనిఖీలో అది బయటపడితే పాత బకాయి, దానిమీద వడ్డీ, జరిమానా అన్నీ కలిపి కట్టాలి. మేస్త్రి కూలి ఎగ్గొట్టినా చివరికి మీరే ఇవ్వాలి. పీఎఫ్‌కి (భవిష్య నిధికి) గీత పది కాదు, ఇరవై మంది. అక్కడా మేస్త్రి మనుషుల్ని కలిపే లెక్కిస్తారు. ఇంకో మాట, ఒకసారి వర్తించాక సీజన్ అయిపోయి మనుషులు తగ్గారని ఈఎస్‌ఐ గానీ పీఎఫ్ గానీ ఆగవు.

2025 నవంబర్ 21 నుంచి కొత్త కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. వాటి ప్రకారం పదిమంది, అంతకంటే ఎక్కువ ఉన్నచోట ప్రతి ఒక్కరికీ నియామక పత్రం ఇవ్వాలి. సాయంత్రం 7 దాటాక ఆడవాళ్లను పనిలో ఉంచాలంటే వాళ్ల సమ్మతి కావాలి, రక్షణ ఏర్పాట్లు మీరే చూడాలి. ముగ్గురు కొత్తవాళ్లు వస్తే మీకు ఆ అవసరమే ఉండదు, ఆరింటికల్లా షెడ్డు తాళం వేసుకోవచ్చు.

ముగ్గురినీ తీసుకోండి. వాళ్లు చేరేలోపు ఆధార్, బ్యాంకు వివరాలు దగ్గర పెట్టుకుని ఈఎస్‌ఐ పోర్టల్‌లో రిజిస్ట్రేషన్ చేయించండి. కూలి బ్యాంకు ఖాతాలోనే వేయండి. గడిచిన సీజన్ ఓవర్‌టైమ్ బాకీ ఉంటే ఎనిమిది మందికీ లెక్క కట్టి ఇచ్చి, సంతకాలు తీసుకోండి.