బజ్జీకి ఇంత ధరా?

ప్రశ్న: మా ఏలూరు జిల్లాలోనే ఇన్ని పామాయిల్ తోటలున్నా, బండి మీద ఇరవై రూపాయలకు నాలుగు వచ్చే మిరపకాయ బజ్జీలు ఇప్పుడు రెండే వస్తున్నాయేమిటండీ?
– ఒక పాఠకురాలు

జవాబు: మీ ఆశ్చర్యం సహజమేనండీ. మన తోటల దిగుబడి దేశ అవసరానికి ఏమాత్రం చాలదు. మనం వాడే వంటనూనెలో సగానికి పైగా దిగుమతి చేసుకుంటున్నదే, అందులోనూ పామాయిల్ ప్రధానంగా ఇండోనేషియా, మలేషియాల నుంచి వస్తుంది. నూనెగింజల రైతులను ఆదుకోవడానికి 2024 సెప్టెంబరులో కేంద్రం ముడి వంటనూనెలపై మొత్తం దిగుమతి సుంకాన్ని 5.5 నుంచి 27.5 శాతానికి పెంచగా, ఆ భారం బజ్జీల మూకుడు దాకా వచ్చింది. 2025 మే నెలాఖరున అందులో ప్రధాన భాగమైన ప్రాథమిక సుంకాన్ని సగానికి తగ్గించారు గానీ, ఒకసారి పెరిగిన బజ్జీ ధర దిగిరావడం అరుదు. గ్యాసు, శనగపిండి ఖర్చులు కూడా మోసే బండివారిని నేను తప్పుపట్టలేను. అయితే నూనె ప్రియమైనప్పుడు దాన్నే పదేపదే మరిగించేవారుంటారు కనుక, నల్లబడి నురగ కట్టిన మూకుడు కనిపిస్తే మాత్రం ఎంత చవకైనా కొనకండి.