మునగ చెట్టు నీడన ఆరేసిన బట్టలు

ప్రశ్న: మా బాబుకు అయిదేళ్లు. వానలు మొదలైనప్పటి నుంచీ ఒళ్లంతా దద్దుర్లు, రాత్రిళ్లు నిద్ర లేకుండా గోక్కుంటున్నాడు. పొట్ట మీద, మెడ చుట్టూ మరీ ఎక్కువ. దోమలే అనుకుని దోమతెర కట్టాం. బట్టలు వేడినీళ్లలో ఉతికి పెరట్లో మునగ చెట్టు కింద దండెం మీద ఆరేస్తున్నా. అయినా తగ్గలేదు. మా అత్తగారు సున్నం రాద్దామంటున్నారు, పక్కింటావిడ టూత్‌పేస్ట్ అంటోంది. ఏం చేయమంటారు డాక్టరు గారూ?
- ఒక తల్లి, మల్కాజిగిరి

జవాబు: అమ్మా, నా అనుమానం దోమల మీద కాదు, ఆ దండెం మీద. దోమ ఎక్కువగా బయటికి కనిపించే చేతులు, కాళ్లు, మొహం మీద కుడుతుంది. చొక్కా కింద, కాలరు రాసుకునే చోట దద్దుర్లు లేస్తున్నాయంటే బట్టల్లోనే ఏదో ఉండి ఉండాలి. వానాకాలంలో మునగ బోదెకు గొంగళిపురుగులు గుంపులుగా పడతాయి. పురుగు ఒంటి మీద పాకక్కర్లేదు, దాని వెంట్రుకలు రాలి బట్టల్లో గుచ్చుకున్నా చాలు.

బాబు చొక్కా తిరగేసి, కాలరు మీద సెల్లోటేపు అంటించి లాగండి. దాన్ని ట్యూబ్‌లైటుకు ఎదురుగా పట్టి చూడండి. నూలుపోగులా మెలికలు తిరగకుండా, పొట్టిగా, సూదుల్లా నిలబడ్డ వెంట్రుకలు కనిపిస్తే అవే. కనిపించకపోయినా దండెం మాత్రం అక్కడి నుంచి మార్చేయండి.

బాబు ఒంటి మీద కూడా అంతే: తువ్వాలుతో తుడవకండి, తుడిస్తే ఇంకా లోపలికి దిగుతాయి. కొత్త టేపు ముక్కలు మెల్లగా అద్ది తీసి, తర్వాత సబ్బు పెట్టి ధారగా నీళ్లు పోయండి. ఐసుముక్కను గుడ్డలో చుట్టి పది నిమిషాలు పెట్టండి. ఆ పని మీ అత్తగారికి అప్పగించండి, మనవడు ఆవిడ ఒళ్లో కదలకుండా కూర్చుంటాడు. ఆరాక కాలమైన్ లోషన్ రాయండి. దురద మందు మోతాదు పిల్లల బరువును బట్టి ఉంటుంది, మీ డాక్టరును అడిగే వేయండి. గోళ్లు ఈ పూటే కత్తిరించండి.

సున్నం వద్దే వద్దు. అది ఘాటైన క్షారం, గోకిన చర్మాన్ని కాలుస్తుంది. టూత్‌పేస్ట్ కాసేపు చల్లగా అనిపించి తర్వాత మండిస్తుంది. మామూలు దోమకాటుకు, చీమకాటుకు వంటసోడాలో నాలుగు చుక్కల నీళ్లు కలిపి పదినిమిషాలు ఉంచి కడిగేస్తే చాలు, అదీ చర్మం చిట్లకపోతేనే. తేనెటీగ కుడితే ముల్లు ఉండిపోతుంది, విషం దిగుతూనే ఉంటుంది. గోటితోనైనా సరే, వెంటనే గీకి తీసేయాలి. కందిరీగ ముల్లు వదలదు, దానికి కడిగి ఐసు పెట్టడమే.

ఒక్క మాట మరిచిపోకండి. వేళ్ల సందుల్లోనూ దురద ఉండి, ఇంట్లో ఇంకెవరైనా గోక్కుంటుంటే అది గజ్జి కావచ్చు. దానికి చిట్కాలు పనిచేయవు, ఇంటిల్లిపాదీ ఒకేసారి మందు రాసుకోవాలి. దద్దుర్లు చీము పట్టినా, కంట్లో వెంట్రుక పడినా ఆలస్యం చేయకుండా చూపించండి. ఏది కుట్టినా సరే, పెదవులు వాచినా, ఆయాసం వచ్చినా, పిల్లాడు సోలిపోతున్నా 108కి ఫోన్ చేయండి.

కింద రాలిన పురుగుల్ని పొడిగా ఊడ్వకండి, వెంట్రుకలు గాల్లోకి లేస్తాయి. ముందు నీళ్లు చల్లి, చేతులకు తొడుగులు వేసుకుని ఎత్తేయండి.