సీడ్ నంబర్ ఎంతవరకు నమ్మాలి?

చిరంజీవి కార్తీక్‌కి ఆశీస్సులు.

మీ ల్యాబ్‌లో అందరూ మార్చి మ్యాడ్‌నెస్ (అమెరికా కాలేజీ బాస్కెట్‌బాల్ టోర్నీ) బ్రాకెట్, అంటే ఏ మ్యాచ్ ఎవరు గెలుస్తారో ముందే ఊహించి రాసే పట్టిక, నింపుతున్నారనీ, జట్ల సంగతి తెలియని నువ్వు సీడ్ (నాలుగు విభాగాల్లో ఒక్కోదానిలో జట్లకి బలాన్నిబట్టి కమిటీ ఇచ్చే 1 నుంచి 16 వరకు స్థానం) చూసి పెట్టేస్తే చాలా అనీ అడిగావు. చాలాచోట్ల చాలు. ఎక్కడ చాలదో రాస్తున్నాను.

ముందు మార్కుల లెక్క చూడు. మామూలుగా రౌండుకు 1, 2, 4, 8, 16, 32 చొప్పున ఇస్తారు. మొదటి రౌండ్‌లో 32 మ్యాచ్‌లూ సరిగ్గా చెప్పినా వచ్చేది 32, ఛాంపియన్ ఒక్కటి సరిపోయినా 32. అందుకే బ్రాకెట్ చివరి గడి నుంచి వెనక్కి నింపు. 64 జట్ల పద్ధతి వచ్చిన 1985 నుంచి 2025 వరకు పురుషుల కప్పులు 40. వాటిలో 26 ఒకటో సీడ్‌వే. ఐదో సీడ్‌కి ఒక్కటీ రాలేదు. అందరికన్నా కిందనుంచి గెలిచింది 1985లో విల్లనోవా, ఎనిమిదో సీడ్. మీ గుంపులో పదిమందే ఉంటే బలమైన ఒకటో సీడ్‌ని పెట్టు. వందమంది ఉంటే అదే జట్టు సగంమంది పెట్టుకుంటారు. అప్పుడు రెండో సీడ్‌వైపు చూడు.

అలాగని ఫైనల్ ఫోర్‌లో (సెమీఫైనల్ చేరే నాలుగు జట్లలో) నాలుగూ ఒకటో సీడ్లే రాసెయ్యకు. అలా జరిగింది 2008లో, 2025లో మాత్రమే. ఒకటో సీడ్లు రెండు పెడితే చాలు.

అందరూ పొరపడేది నడుమ సీడ్ల దగ్గర. సీడ్ జట్టు బలాన్నే కాదు, దాని దారినీ చెబుతుంది. 8, 9 సీడ్ల మ్యాచ్ బొమ్మా బొరుసే. గెలిచినవాళ్లకి ఒక్కరోజు విరామం తర్వాత ఎదురయ్యేది దాదాపు ఎప్పుడూ ఒకటో సీడే. పదకొండో సీడ్‌కి మొదట ఆరో సీడ్, తర్వాత మూడో సీడ్. అందుకే 10, 11, 12 సీడ్లు 8, 9 కన్నా ఎక్కువసార్లు స్వీట్ సిక్స్‌టీన్ (చివరి 16 జట్ల రౌండ్) చేరాయి. పదకొండో సీడ్‌తో ఫైనల్ ఫోర్‌దాకా వెళ్లినవి ఆరు: ఎల్‌ఎస్‌యూ, జార్జ్ మేసన్, వీసీయూ, లయోలా షికాగో, యూసీఎల్‌ఏ, ఎన్‌సీ స్టేట్. సంచలనం కావాలనుకుంటే అక్కడ వెతుకు, ఎనిమిదిలో కాదు.

5-12 జోడీల్లో మూడింట ఒకటికి పైగా పన్నెండే గెలుస్తోంది. ఆ జట్టు చాలాసార్లు చిన్న కాన్ఫరెన్స్ (కాలేజీల లీగ్) విజేత. బలమైన ప్రత్యర్థులు దొరకలేదు కాబట్టి కమిటీ కింద పెట్టింది. నాలుగింట్లో ఒకటి దానికివ్వు. త్రీ పాయింటర్లు (దూరం నుంచి వేసే మూడు పాయింట్ల షాట్లు) ఎక్కువ వేసి, బంతి తక్కువగా పోగొట్టుకునే జట్టుని ఎంచుకో.

పదహారో సీడ్ జోలికి పోకు. 2025 వరకు ఒకటో సీడ్‌తో ఆడిన 160 మ్యాచ్‌ల్లో గెలిచింది రెండే: 2018లో వర్జీనియా మీద యూఎంబీసీ, 2023లో పర్డ్యూ మీద ఫెయిర్లీ డికిన్సన్.

ఆదివారం బ్రాకెట్ రాగానే పంపెయ్యకు. గురువారం మధ్యాహ్నం మొదటి మ్యాచ్ మొదలయ్యేదాకా సాధారణంగా మార్చుకోవచ్చు. ఫస్ట్ ఫోర్ (మొదటి రౌండ్‌కి ముందు చివరి స్థానాల కోసం ఆడే) మ్యాచ్‌లు బుధవారం రాత్రికి అయిపోతాయి. గాయాల వార్తలు చూసుకుని, ఆ రాత్రే ఖాయం చెయ్.

మీ బాబాయి