జెల్లీ కారదు, మరి అందులో రంగు ఎలా దిగుతుంది?

మీ ప్రశ్న చూడగానే నా పీజీ ప్రాజెక్టు రోజులు గుర్తొచ్చాయండి. మీరు అడిగింది ఇది: చైనా గ్రాస్‌తో చేసిన జెల్లీ గ్లాసు బోర్లించినా కారదు, అంటే దాని స్నిగ్ధత (కారకుండా అడ్డుకునే చిక్కదనం) దాదాపు అనంతం. స్టోక్స్-ఐన్‌స్టీన్ సూత్రం ప్రకారం స్నిగ్ధత పెరిగేకొద్దీ వ్యాపనం (అణువులు, కణాలు తమంతట తామే కదులుతూ పాకడం) తగ్గాలి. మరి మీ అబ్బాయి పైన పోసిన ఫుడ్ కలర్ తెల్లారేసరికి అంత లోతుకు ఎలా దిగింది? సూత్రం తప్పా?

సూత్రం తప్పు కాదు. అందులో ఏ స్నిగ్ధత వేయాలన్నదే అసలు విషయం. గ్లాసు బోర్లించి మనం చూసేది జెల్ మొత్తంగా ఎంత గట్టిగా ఉందనేది. రంగు అణువుకు దానితో పని లేదు. చైనా గ్రాస్ అంటే అగరే. ఒక శాతం అగర్ జెల్‌లో 99 శాతం నీళ్లే. మిగిలిన ఒక్క శాతం పోగులు పోగులుగా అల్లుకుని, వలలా నిలబడి ఆ నీళ్లను పట్టుకుంటుంది. ఆ వల కన్ను సుమారు వంద నానోమీటర్లు (నానోమీటరు అంటే మిల్లీమీటరులో పది లక్షలో వంతు), ఒక్కోచోట అంతకంటే ఎక్కువ. రంగు అణువు సైజు ఒక నానోమీటరు దరిదాపుల్లో ఉంటుంది. చేపల వలలోంచి ఆవగింజ జారినట్టే! దానికి అడ్డుపడేది దాదాపుగా నీటి స్నిగ్ధత ఒక్కటే. రసాయన శాస్త్రవేత్త థామస్ గ్రాహం 1861 నాటికే జెల్లీలో ఉప్పు ఇంచుమించు నీళ్లలో పాకినంత వేగంగానే పాకుతుందని గమనించాడు.

అదే కణం వల కన్ను కంటే పెద్దదైతే కథ మారిపోతుంది. నా ప్రాజెక్టు అదే. ఒక మైక్రాన్ (వెయ్యి నానోమీటర్లు) వ్యాసం ఉన్న పాలీస్టైరీన్ ప్లాస్టిక్ పూసలను మైక్రోస్కోప్ కింద పెట్టి, వీడియో తీసి, ఒక్కో పూస ఎంత దూరం జరిగిందో లెక్కకట్టడం. నీళ్లలో అలాంటి పూస వ్యాపన గుణకం (ఎంత వేగంగా పాకుతుందో చెప్పే సంఖ్య) సెకనుకు సుమారు అర చదరపు మైక్రాన్. అంటే ఒక్క సెకనులో ఒక మైక్రాన్‌కు కాస్త ఎక్కువ దూరం, ఏ దిక్కుకు పోతుందో చెప్పలేం. అగర్ నుంచి తీసే అగరోజ్‌తో చేసిన జెల్‌లో అది కదలకూడదు. కానీ నా మొదటి వారం లెక్కల్లో జెల్‌లోని పూసలు నీళ్లలోకంటే ఎక్కువ దూరం పోయినట్టు వచ్చింది. రెండు రాత్రులు నిద్ర లేదు, ఒకటే టెన్షన్. మా గైడ్ వీడియో చూసి ఒకే మాట అడిగారు: "పూసలన్నీ ఒకే వైపుకు పోతున్నాయా?" అవును, అన్నీ ఎడమకే. జెల్ మీద కప్పిన పల్చటి గాజు బిళ్ల (కవర్ స్లిప్) అంచు సరిగా మూయలేదు. అక్కడ జెల్ ఆరిపోతూ మొత్తాన్ని మెల్లగా లాక్కుంటోంది. అంచు చుట్టూ నెయిల్ పాలిష్ పూసి మళ్లీ చూస్తే, ప్రతి పూసా ఉన్నచోటే ఉండి సన్నగా వణుకుతోంది, అంతే. మీరు ఇలాంటి ప్రయోగం ఎప్పుడైనా చేస్తే ముందు ఇది చూసుకోండి. డ్రిఫ్ట్ (ఇలా అన్నీ కలిసి ఒకే వైపుకు జరగడం) ఉంటే దూరం కాలంతో సమానంగా పెరుగుతుంది. వ్యాపనంలో దూరం కాలం వర్గమూలంతో పెరుగుతుంది.

నాకు అన్నిటికంటే నచ్చింది మధ్య సైజు. వెలుగు చిమ్మే 200 నానోమీటర్ల పూసల్లో కొన్ని ఒక గూట్లో చిక్కుకుని గిలగిల్లాడేవి. చాలాసేపు అక్కడే ఉండి, ఉన్నట్టుండి పక్క గూట్లోకి దూకేవి. ఆ దారిని కాగితం మీద గీస్తే రెండు దట్టమైన మరకలు, వాటి మధ్య సన్నటి గీత. ఆ గీత మొదటిసారి కనిపించినప్పుడు నేను గట్టిగా అరిచేశాను.

జెల్ కాకుండా పాలిమర్ ద్రావణం (పొడవాటి గొలుసుల్లాంటి అణువులు కరిగిన ద్రవం) అయితే వల స్థిరంగా ఉండదు. గొలుసులు ఒకదాన్నొకటి దాటుకుంటూ జారుతుంటాయి కాబట్టి కన్ను తెరుచుకుంటూ, మూసుకుంటూ ఉంటుంది. కన్ను కంటే చిన్న కణానికి ద్రావణి (గొలుసులు కరిగి ఉన్న ద్రవం) స్నిగ్ధత మాత్రమే తగులుతుంది. చాలా పెద్ద కణానికి మనం విస్కోమీటర్‌లో (స్నిగ్ధత కొలిచే పరికరంలో) కొలిచే మొత్తం స్నిగ్ధత తగులుతుంది. మధ్యలో ఉన్నది తన సైజుకు సరిపడా గొలుసు ముక్కలు పక్కకు జరిగేదాకా ఆగి కదులుతుంది. ఈ మూడు సైజుల లెక్కను కాయ్, పన్యుకోవ్, రూబిన్‌స్టైన్ 2011లో చక్కగా సిద్ధాంతీకరించారు.

సైజు ఒక్కటే చూస్తే సరిపోదండి, అంటుకోవడం కూడా చూడాలి. జాన్స్ హాప్కిన్స్ పరిశోధకులు 2007లో మనిషి శ్లేష్మంలో పూసలు వేసి చూశారు. శ్లేష్మానికి అంటుకోనివ్వని పాలీఇథిలీన్ గ్లైకాల్ పూత వేసిన 500 నానోమీటర్ల పూసలు నీళ్లలోకంటే నాలుగు రెట్లే నెమ్మదించాయి, 200వి ఆరు రెట్లు. పూత లేనివి వేల రెట్లు నెమ్మదించాయి. అవి అడుగడుగునా అతుక్కుపోయాయి మరి. మందును శ్లేష్మం దాటించాలనుకునేవాళ్లకు ఇది చాలా పెద్ద సంగతి.

ఇంకో మాట. మామూలు నీళ్లలో రంగు చుక్క నిమిషంలో పాకిపోతే దాన్ని వ్యాపనం అనుకోకండి. అందులో ఎక్కువ భాగం నీటి కదలికే. జెల్ ఆ కదలికను ఆపేస్తుంది కాబట్టి అసలైన వ్యాపనం అక్కడే శుభ్రంగా కనిపిస్తుంది. చిన్న అణువుకు ఒక మిల్లీమీటరు దాటడానికి పావుగంట పైన పడుతుంది, ఒక సెంటీమీటరుకు ఒక రోజు పైనే.

మీ అబ్బాయి చేత ఇంకో గ్లాసు పెట్టించండి. ఈసారి పాలలో ఫుడ్ కలర్ కలిపి జెల్లీ పైన పోయమనండి. పాలలోని కొవ్వు బిందువులు మైక్రాన్ల సైజువి కాబట్టి తెలుపు పైనే ఆగిపోతుంది, రంగు మాత్రం దిగుతుంది. రంగు ఎంత లోతుకు దిగిందో చూసి, గ్లాసు మీద గంట గడిచాక ఒక గీత, మొదటి నుంచి నాలుగు గంటలు గడిచాక ఇంకో గీత గీయమనండి. రెండో గీత మొదటి దానికంటే నాలుగింతలు కాదు, ఇంచుమించు రెండింతల లోతులో ఉంటుంది. పైన మూత పెట్టడం మాత్రం మరిచిపోకండి.