షికాగోలో ఒక్క రోజు: పొద్దున పడవ, మధ్యాహ్నం బేస్‌బాల్

ప్రశ్న: నేను రిటైర్డ్ లెక్చరర్‌ని. మా అమ్మాయి వాళ్లు షికాగోకి గంట దూరంలో ఉంటారు, జూలైలో వెళ్తున్నాం. అల్లుడు ఒకరోజు సెలవు పెట్టి ఊరంతా తిప్పి, సాయంత్రం బేస్‌బాల్ మ్యాచ్‌కి తీసుకెళ్తానంటున్నాడు. ఆయన పంపిన లిస్టులో 11 చోట్లున్నాయి! మా ఆవిడకి మోకాళ్ల నొప్పులు. నాకు క్రికెట్ తప్ప ఇంకో ఆట తెలీదు. ఏది చూడాలి, ఏది వదిలేయాలి? ఆ ఆట అసలు నాకు అర్థమవుతుందా?

జవాబు: మాస్టారూ, ముందు ఆ లిస్టులో ఎనిమిది కొట్టేయండి. అల్లుడుగారు నొచ్చుకుంటే నా మీదకి తోసేయండి. రెండోది, సాయంత్రం మ్యాచ్ కాదు, పగటి మ్యాచ్‌కి టికెట్లు తీయమనండి.

షికాగోలో పెద్ద లీగ్ జట్లు రెండు, ఉత్తరాన కబ్స్, దక్షిణాన వైట్ సాక్స్. మీరు కబ్స్ వాళ్ల రిగ్లీ ఫీల్డ్‌కే వెళ్లండి. 1914లో కట్టిన మైదానం, చుట్టూ మామూలు ఇళ్లు, ఎదురు వీధిలో మేడల మీద కూడా జనం కూర్చుని ఆట చూస్తుంటారు. 1988 దాకా అక్కడ ఫ్లడ్‌లైట్లే లేవు, ఇప్పటికీ రాత్రి మ్యాచ్‌లు ఇన్నే ఆడాలని నగరం లెక్కగట్టి పెట్టింది. అందుకని మధ్యాహ్నం 1:20కి మొదలయ్యే మ్యాచ్‌లు బాగానే దొరుకుతాయి.

పొద్దున్నే మిలీనియం పార్కుకి వెళ్లిపోండి, ఎండా జనమూ రాకముందే. అక్కడ అందరూ బీన్ అని పిలిచే పెద్ద స్టీలు గింజ ఉంది. అసలు పేరు క్లౌడ్ గేట్, చేసింది ముంబైలో పుట్టిన అనీష్ కపూర్. 168 స్టీలు రేకులు అతికించారట, మీరు ముక్కు ఆనించి వెతికినా అతుకు కనపడదు. దూరం నుంచి ఫొటో తీసుకుని వచ్చేయకండి, దాని కిందకి దూరి తలెత్తి చూడండి, మీరిద్దరూ పది మందై సాగిపోయి వేలాడుతుంటారు. రోడ్డు దాటితే ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్. 1893 సెప్టెంబర్ 11న వివేకానందస్వామి మాట్లాడింది ఆ భవనంలోనే, ముందున్న రోడ్డు మీద ఆయన పేరుతో బోర్డు కూడా ఉంటుంది. మ్యూజియం లోపలికి మాత్రం ఆ రోజు వెళ్లకండి, అది ఒక పూట పని, మోకాళ్ల పని కూడా.

అక్కడి నుంచి నెమ్మదిగా నడిచినా నది పావుగంట లోపే. భవనాలు చూపించే పడవ ఎక్కండి, సుమారు గంటన్నర, కూర్చునే చూడొచ్చు కాబట్టి మీ ఆవిడగారికి ఇంతకంటే మంచిది ఇంకోటి లేదు. ఆ నదిదీ ఒక కథే. ఊరి మురుగంతా మోసుకెళ్లి, తాగే నీళ్లిచ్చే మిషిగన్ సరస్సులోనే కలిపేది. 1900లో కాలువ తవ్వి ఏకంగా దాని ప్రవాహాన్నే వెనక్కి తిప్పేశారు. పడవలోంచి నల్లగా మెట్లు మెట్లుగా విల్లిస్ టవర్ కనిపిస్తుంది, 1,450 అడుగులు, 110 అంతస్తులు. అది నిలబడే పద్ధతి కనిపెట్టిన ఇంజనీరు ఢాకాలో పుట్టిన ఫజ్లుర్ రహ్మాన్ ఖాన్. పైకెక్కే సరదా ఉంటే మ్యాచ్ తర్వాత చూసుకోండి. 103వ అంతస్తులో గాజు నేల మీద నిలబెడతారు, కళ్లు తిరిగేవాళ్లకి డబ్బు దండగ.

మైదానానికి కారు వద్దు, పార్కింగ్ టెన్షన్ మనకెందుకు. రెడ్ లైన్ రైలెక్కి అడిసన్‌లో దిగితే మైదానం పక్కనే. కానీ హోవర్డ్ వైపు వెళ్లే రైలే ఎక్కాలి. నేను మొదటిసారి ఎదురు ప్లాట్‌ఫామ్ మీది రైలెక్కి, ఒంటి నిండా కబ్స్ నీలం టీషర్టుతో వైట్ సాక్స్ స్టేషన్‌లో దిగాను. ఎవరూ ఏమీ అనలేదు గానీ చూసిన చూపులు చాలు.

సీట్ల సంగతి. 201, 202 లాంటి నంబర్లున్న సెక్షన్లలో చాలావరకు నీడ ఉంటుంది, కానీ పాతకాలం కట్టడం కదా, కొన్ని సీట్లకి స్తంభం అడ్డొస్తుంది. బుక్ చేసేటప్పుడు అది చూసుకోమనండి. అవతలి గోడవైపు బ్లీచర్స్ అంటే ఆనుకోడానికి వీపు లేని బెంచీలు, నెత్తిన ఎండ, కుర్రాళ్ల గోల. మీకొద్దు.

ఇక ఆట. ఒక్కో జట్టుకి 9 ఇన్నింగ్స్, ఒక్కో ఇన్నింగ్స్‌కి మూడు అవుట్లు. కొట్టబోయి తప్పినా, కొట్టదగిన బంతిని వదిలేసినా స్ట్రైక్ అంటారు, మూడు స్ట్రైక్‌లైతే బ్యాటర్ అవుట్. కొట్టదగిన చోట పడని బంతిని ‘బాల్’ అంటారు, మన వైడ్ లాంటిదనుకోండి, అవి నాలుగైతే బ్యాటర్ ఊరికే మొదటి బేస్‌కి (చుట్టి రావాల్సిన నాలుగు మజిలీల్లో మొదటిది) నడిచి వెళ్తాడు. బంతి గీతల లోపల పడితే పరిగెత్తి తీరాలి, మన గవాస్కర్‌లా ముద్దుగా డిఫెన్స్ ఆడి అక్కడే నిలబడటం కుదరదు. నాలుగు బేస్‌లూ చుట్టి వస్తేనే ఒక్క రన్, కాబట్టి స్కోరు 3-2 అని కనిపిస్తే ఆట ఇంకా మొదలవలేదేమో అనుకోకండి. 2023 నుంచి పిచర్‌కి, అంటే మన బౌలర్ లాంటివాడికి, గడియారం పెట్టారు, బేస్‌ల మీద ఎవరూ లేకపోతే 15 సెకన్లలో బంతి వేయడం మొదలుపెట్టాలి. అందుకే ఆట ఇప్పుడు మూడు గంటల లోపే అయిపోతోంది.

కూర్చోగానే ముందు జెండాలు చూడండి. సరస్సు వైపు నుంచి మైదానంలోకి గాలి వీస్తుంటే, గట్టిగా కొట్టిన బంతి కూడా గోడ దగ్గరే చేతుల్లో పడిపోతుంది. గాలి బయటికి వీస్తే హోమ్ రన్‌ల పండగే, అంటే బంతి గోడ దాటిపోయే మన సిక్సర్ లాంటివి. గోడ మీద తీగ అల్లుకుని ఉంటుంది, ఒక్కోసారి బంతి అందులో ఇరుక్కుంటుంది, అప్పుడు ఫీల్డర్ వెతకడు, రెండు చేతులూ పైకెత్తేస్తాడు, బ్యాటర్‌కి రెండు బేస్‌లు. పెద్ద స్కోర్‌బోర్డు 1937 నాటిది, లోపల మనుషులు కూర్చుని ఇప్పటికీ చేత్తోనే అంకెలు మారుస్తారు. మన దగ్గర స్టాండ్స్‌లో పడిన బంతిని తిరిగి ఇచ్చేయాలి కదా, అక్కడ ఎవరికి దొరికితే వాళ్లదే. అయితే అవతలి జట్టువాడు కొట్టిన హోమ్ రన్ బంతి దొరికితే వెనక్కి విసిరేయమని చుట్టుపక్కల వాళ్లంతా అరుస్తారు, చాలామంది విసిరేస్తారు కూడా!

ఆట అవగానే స్టేషన్‌కి పరిగెత్తకండి, అరగంట కూర్చోండి. గెలిస్తే స్కోర్‌బోర్డు మీద తెల్ల జెండా, మధ్యలో నీలం రంగు డబ్ల్యూ అక్షరం ఎగరేస్తారు. 1908 తర్వాత మళ్లీ 2016లో గానీ వరల్డ్ సిరీస్ (ఏటా జరిగే ఫైనల్ పోరు) గెలవని జట్టు, 108 ఏళ్లు ఎదురుచూసిన జనం, ఆ జెండా ఎక్కుతుంటే వాళ్ల మొహాలు చూడాల్సిందే.

ప్రశ్న: మేము శాకాహారులం. స్టేడియంలో తినడానికి ఏమన్నా దొరుకుతుందా? మధ్యలో వాన పడితే టికెట్ డబ్బులు పోయినట్టేనా?

జవాబు: పల్లీలు, పాప్‌కార్న్, ప్రెట్జెల్ ఉంటాయి, కడుపు నిండదు. రిగ్లీలో బయటి తిండిని రానిస్తారు, కాబట్టి పులిహోర డబ్బాకి భయం లేదు, బ్యాగు సైజు నియమం మాత్రం ముందురోజే జట్టు వెబ్‌సైట్‌లో చూసుకోండి. వాన పడితే బేస్‌ల మధ్య నేల మీద పట్టా కప్పేసి ఆగుతారు, ఒక్కోసారి గంటలు. మొదలే కాకుండా వాయిదా పడితే మళ్లీ పెట్టిన రోజుకి అదే టికెట్ చెల్లుతుంది, మీరప్పటికి ఇండియా వచ్చేసి ఉంటే టికెట్లు మీ వాళ్లకిచ్చేయండి. వాన ఆ మైదానానికి కొత్తేం కాదు. 1988 ఆగస్టు 8న, అన్నేళ్ల తర్వాత మొదటిసారి లైట్లు వేసి ఆట మొదలెడితే వాన దంచి కొట్టి ఆట రద్దయింది, రికార్డుల్లోకి ఎక్కింది మర్నాటి మ్యాచ్.