బీపీ హఠాత్తుగా వస్తుందా? మా నాన్న చీటీలు ఏం చెప్పాయంటే

మీకు 38 ఏళ్లు, ఆఫీసులో చేయించిన చెకప్‌లో 142/92 వచ్చింది. ఇంట్లో వాళ్లేమో టెన్షన్ వల్లే, రెండ్రోజుల్లో అదే పోతుంది అంటున్నారు. బీపీ ఇలా ఉన్నట్టుండి వచ్చేస్తుందా అని మీ ప్రశ్న. సాధారణంగా అలా రాదండీ. ఎలా వస్తుందో మా ఇంట్లోనే చూశాను.

మాది శ్రీకాకుళం జిల్లా వజ్రపుకొత్తూరు మండలం. నేను ఉద్యోగరీత్యా విజయనగరంలో ఉంటున్నాను. 2022లో నాన్నకి కుడికంట్లో శుక్లం ముదిరితే ఆపరేషన్‌కి తీసుకెళ్లాను. తెల్లారుజామునే తలంటుకుని, ఉతికిన పంచె కట్టుకుని వచ్చాడు. ఏ కంటికో తెలిసేలా కుడి కనుబొమ్మ మీద ప్లాస్టర్ ముక్క కూడా అంటించేశారు. వరసలో ఇంకా ఇద్దరు ఉన్నారనగా నర్సమ్మ వచ్చి బీపీ చూసింది. పట్టీ విప్పి మళ్లీ కట్టి మళ్లీ చూసింది. 188/106. "ఈరోజు కాదు తాతా, ఇది తగ్గాక రండి" అంది.

డాక్టరు గారు ఎడమ కంట్లోకి లైటు వేసి చాలాసేపు చూశారు. లోపలి రక్తనాళాలు సన్నబడిపోయాయని, ఇది నిన్నా మొన్నా వచ్చిన బీపీ కాదని, ఏళ్ల తరబడి ఉందని చెప్పారు. నాన్న నమ్మలేదు. "పొలంలో పన్జేసుకునేవోడికి బీపీ ఏటొస్తాదిరా? ఆల మిషనే బాగోనేదు" అని బస్సు పలాస చేరేదాకా అదే మాట. కనుబొమ్మ మీద ప్లాస్టర్ అలాగే ఉంది. తియ్యబోతే నా చెయ్యి తోసేశాడు.

డాక్టరు గారి మాట నా మనసులో ఉండిపోయింది. ఆ రాత్రి ట్రంకుపెట్టె దింపాను. నాన్న ఏ కాగితమూ పారేసే మనిషి కాదు. పట్టాదారు పాస్‌బుక్కు కవర్లో మందుల చీటీలన్నీ మడతలు పెట్టి ఉన్నాయి. 2009లో పన్ను పీకించుకున్నప్పటిది, 126/82. 2014లో సైకిలు మీంచి పడినప్పటిది, 134/86. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వెళ్లిన వారానికి ఊళ్లో పెట్టిన క్యాంపుది, 148/92. వాటి పక్కన ఆ రోజు చీటీ పెట్టాను. పదమూడేళ్లలో నలుగురు కొలిచి, నాలుగు చీటీలు రాసిచ్చారు. ఒకరు రాసింది ఇంకొకరి కంట పడలేదు. చదువుకున్నవాణ్ని, నేనైనా ఒక్కసారి అడగలేదు.

అమ్మ ఇప్పటికీ తిత్లీ వల్లే అంటుంది. జీడితోట, కొబ్బరిచెట్లు ఒక్కపూటలో నేలకూలాయి, ఆ దిగులే ఆయన్ని పట్టుకుందని. నేను ఒప్పుకోను. దిగులుకి అంకె ఎగురుతుంది, మనసు కుదుటపడ్డాక దిగుతుంది. తుఫానుకి నాలుగేళ్ల ముందే 134 ఉందంటే లోపల పని ఎప్పుడో మొదలైందన్నమాటే.

నన్నడిగితే అందులో సగం నేరం ఉప్పుదే. నౌపడ ఉప్పుమళ్లు మాకు దగ్గరే. పొద్దున తరవాణిలో ఉప్పు, మధ్యాహ్నం ఆవకాయ, రాత్రికి ఎండు నెత్తళ్లు. అమ్మానాన్నా ఇద్దరే ఉండే ఇంట్లో కిలో ఉప్పు 40 రోజులకి అయిపోయేది. తలకి రోజుకి 12 గ్రాముల పైమాటే. ఊరగాయల్లోదీ ఎండుచేపల్లోదీ ఈ లెక్కలోకి రాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 5 గ్రాములు దాటొద్దంటోంది. అంత ఉప్పుని కిడ్నీలు బయటికి పంపలేకపోతే ఒంట్లో నీరు నిలుస్తుంది, రక్తనాళాల మీద ఒత్తిడి పడుతుంది. అది తట్టుకోడానికి సన్న నాళాల గోడలు మందమై దారి ఇరుకవుతుంది. ఇరుకు దారిలో నెట్టాలంటే గుండె మరింత గట్టిగా కొట్టుకోవాలి, దాని గోడా దళసరెక్కుతుంది. వయసు మీదపడేకొద్దీ పెద్ద నాళాలు కూడా, బోరు పైపు ఎండకి ఎండి బిరుసెక్కినట్టు, సాగే గుణం పోగొట్టుకుంటాయి. పెద్దవాళ్లలో పై అంకె ఎక్కువగా పెరిగేది అందుకే. ఇంత జరుగుతున్నా నాన్నకి ఒక్కనాడు తల తిరగలేదు, తలనొప్పీ రాలేదు.

ఇంకో బాధ కూడా చెప్పాలి. మోకాళ్ల నొప్పులకని ఊళ్లో ఇచ్చే డైక్లోఫెనాక్ బిళ్లలు నాన్న ఏళ్ల తరబడి మింగాడు. అవి ఒంట్లో ఉప్పూ నీరూ ఆపేస్తాయి, బీపీని పెంచుతాయి, కిడ్నీకీ చేటే. ఉద్దానంలో ఆ బిళ్లలు చాక్లెట్లలా పంచుతుంటే నాకు కడుపు మండిపోతుంది. కిడ్నీ జబ్బుల కోసం 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆస్పత్రి తెరవాల్సివచ్చిన ప్రాంతం మాది. రక్తపరీక్ష అనగానే కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పే క్రియాటినిన్ ఎంతని పసిపిల్లలు కూడా అడుగుతారు, బీపీ ఎంతని ఎవరూ అడగరు. బీపీ కిడ్నీని తింటుంది, చెడిన కిడ్నీ బీపీని పెంచుతుంది.

నాన్నకి రోజూ మాత్ర మొదలుపెట్టి, ఉప్పు తగ్గించాక ఆరు వారాలకి 138/84కి దిగింది, ఆపరేషన్ అయింది. "తగ్గిపోనాది కదా" అని మాత్ర మానేస్తే రెండు నెలల్లో మళ్లీ 170 దాటింది. మాత్ర వేసుకుంటున్నాడు కాబట్టే తగ్గి ఉందని ఒప్పించడానికి నాకు ఏడాది పట్టింది.

ఇక మీ సంగతి. ఒక్కసారి కొలిచినదాన్ని బట్టి తేల్చెయ్యకండి, కొట్టిపారెయ్యనూ వద్దు. వారం రోజులు పొద్దునా సాయంత్రం ఇంట్లో చూసుకోండి. అరగంట ముందు నుంచి టీ, సిగరెట్టు వద్దు. ఐదు నిమిషాలు వీపు ఆన్చి కూర్చుని, చొక్కా చెయ్యి మీద కాకుండా ఒంటి మీదే పట్టీ కట్టి, చెయ్యి గుండె ఎత్తులో బల్ల మీద పెట్టి, మాట్లాడకుండా. సగటున 135/85 గానీ ఆ పైన గానీ ఉంటే ఆ కాగితం పట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్లండి. పాత చీటీలుంటే అవీ వెతికి పట్టుకెళ్లండి.

నాకు 43. మొన్న ఆదివారం చూసుకుంటే 134/86. నాన్న సైకిలు మీంచి పడినప్పటి చీటీలో ఉన్నదీ అంతే. ఆయనకి అప్పటికి 59.